పొలంలో అండ.. రోడ్డెక్కితే దండన!

సార్వా నీరు కాలువల్లోకి చేరిందంటే చాలు, గోదావరి డెల్టా పల్లెల్లో రెండు రకాల చప్పుళ్లు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి రోడ్డు పక్క వెల్డింగ్ షెడ్లలో ఇనుము అతుకుతున్న చప్పుడు. రెండోది, ఇనుప చక్రాలతో ట్రాక్టర్లు తారు రోడ్డెక్కితే కేసులు తప్పవంటూ ఆటోకు కట్టిన మైకులో సాగే దండోరా. షెడ్డులో తయారవుతున్నదీ, దండోరాలో నిషేధిస్తున్నదీ ఒకే వస్తువు. కృష్ణా డెల్టాలో, సాగర్ ఆయకట్టులో, శ్రీరామసాగర్ నీటి కింద కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లోనూ ఏటా ఇదే తంతు. నాట్లు ముగిసేసరికి హెచ్చరికలూ ముగుస్తాయి. గాట్లు పడిన రోడ్లు మాత్రం మిగులుతాయి. వాటితోపాటు పత్రికల జిల్లా పేజీల్లో అడుగున ఒక మూల ‘దమ్ము చేస్తుండగా ట్రాక్టర్ తిరగబడి డ్రైవర్ మృతి’ అనే నాలుగు వాక్యాల వార్తలూ మిగులుతాయి.

ఈ రెండు నష్టాలనూ వేర్వేరుగా చూడటం పరిపాటిగా మారింది. రోడ్డు పాడైతే అది రైతు బాధ్యతారాహిత్యం, డ్రైవర్ మరణిస్తే అది దురదృష్టం. నిజానికి రెండు కథలూ ఒకే చక్రం చుట్టూ తిరుగుతున్నాయి. ఎవరూ కొలతలు చూడని, ఎవరూ పరీక్షించని, ఊరి షెడ్డులో అతికిన ఆ చక్రం దగ్గరకు మాత్రం రోడ్డు మీద జరిమానా రాసే అధికారి చూపు పోవడం లేదు.

ఎడ్లు పోయాయి.. చక్రం వచ్చింది

వరి నాటాలంటే ముందు మడిని దమ్ము చేయాలి. తెలంగాణలో దీనినే కరిగెట అంటారు. నిలిచిన నీటిలో మట్టిని కలియదున్ని బురదగా మార్చడం ఈ పని సారాంశం. మట్టి గడ్డలు విడిపోయి సన్నని రేణువులు అడుగుకు చేరడంతో నేల రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు ఇంకిపోకుండా మడిలో నిలుస్తుంది. కలుపు బురదలో అణగిపోతుంది. నారు వేలితో గుచ్చితే దిగేంత మెత్తదనం వస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఇలా సాగిన మళ్లలో జానెడు లోతున గట్టి పొర ఒకటి ఏర్పడి ఉంటుంది. ఎడ్లు ఆ పొరపైనే అడుగు మోపి నడిచేవి.

ఎడ్ల స్థానంలో ట్రాక్టర్ వచ్చాక ఈ బురదే దానికి శత్రువైంది. రబ్బరు టైరు గాళ్లలో మట్టి నిండితే టైరు నున్నటి గుండులా మారి ఉన్నచోటే తిరుగుతుంది, తిరిగినకొద్దీ దిగబడుతుంది. దీనికి విరుగుడుగా వచ్చినవే కేజ్ వీల్స్. రైతుల నోట అవి కేజీ వీల్స్, ఇనుప చక్రాలు, దమ్ము చక్రాలు. పంజరంలా ఉండే ఈ చక్రంలో మట్టి నిలవదు, సందుల్లోంచి జారిపోతుంది. అడ్డంగా అతికిన పళ్లు బురదను తెడ్డులా వెనక్కు నెట్టి బండిని ముందుకు నడుపుతాయి. పైగా ఆ పళ్లే మట్టిని కలుపుతాయి కాబట్టి దమ్ము పని సగం చక్రాలే చేసిపెడతాయి. వెనుక రోటావేటర్ తగిలిస్తే రెండు చాళ్లలో మడి సిద్ధం. కూలీలు దొరకని రోజుల్లో, నీరు వదిలిన కొద్ది రోజుల వ్యవధిలోనే ఊరంతా ఊడ్పులు పూర్తిచేయాల్సిన తొందరలో ఈ చక్రం లేని వరిసాగును ఊహించడం కష్టం. దీనిని ఏకపక్షంగా దుష్టవస్తువుగా చిత్రించే ప్రకటనలు ఈ వాస్తవాన్ని విస్మరిస్తున్నాయి.

షెడ్డులో పుట్టే చక్రం

ఈ చక్రాలు రెండు రకాలు. పూర్తి చక్రమైతే వెనుక రబ్బరు టైరును రిమ్ముతో సహా విప్పి, దాని స్థానంలో బిగిస్తారు. సగం చక్రమైతే రబ్బరు టైరు అలాగే ఉంటుంది. దాని వెలుపలి పక్కన ఇనుప పంజరాన్ని బోల్టులతో జోడిస్తారు. కంపెనీ తయారీలు లేకపోలేదు. అయితే పల్లెల్లో తిరిగేవాటిలో గణనీయమైన భాగం స్థానిక వెల్డింగ్ షెడ్లలో పుట్టినవే. ధర తక్కువ, మన నేలకు తగ్గట్టు పళ్ల ఎత్తు, వెడల్పు చెప్పి చేయించుకోవచ్చు, విరిగితే ఆ పూటే అతికించుకోవచ్చు. రైతు లెక్కలో ఇవి చిన్న సౌకర్యాలేమీ కావు.

తయారీ చూడటానికి సులువు. పట్టా ఇనుమును గుండ్రంగా వంచి రెండు మూడు రింగులు చేస్తారు. వాటిపై అడ్డంగా, కొంచెం ఏటవాలుగా ఎల్ యాంగిల్ ముక్కలను వరుసగా అతుకుతారు. మధ్యలో మందపాటి ప్లేటు కోసి, హబ్బు బోల్టులకు సరిపడా రంధ్రాలు వేసి, ఆకుల్లాంటి కమ్మీలతో రింగులకు కలుపుతారు. పని మొత్తం మామూలు ఆర్క్ వెల్డింగ్‌తోనే. కష్టమంతా ఈ సులువులోనే దాగి ఉంది.

ట్రాక్టర్ చక్రంపై భారం ఒకేలా ఉండదు. ఒక్కో పన్నూ నేలను తాకినప్పుడు బరువు మోస్తుంది, పైకి లేచినప్పుడు వదిలేస్తుంది. ఒక రోజు పనిలో ఈ మోయడం, వదలడం వేలసార్లు జరుగుతుంది. ఇలాంటి మారే భారానికి ఇనుము అలసిపోతుంది; ఆ అలసట మొదట బయటపడేది అతుకు అంచు దగ్గరే. వెల్డింగ్ ఒక పక్కే వేసి వదిలేసినా, తేమ పట్టిన రాడ్డు వాడటంతో అతుకు లోపల గాలి బుడగలు మిగిలినా, కరెంటు ఎక్కువై అంచున ఇనుము కోసుకుపోయి గాడి పడినా, పైకి నున్నగా కనిపించే అతుకు లోపల ఏమీ పట్టి ఉండదు. తుప్పు, రంగు గీకకుండా అతికిన చోటా ఇదే పరిస్థితి. వేసిన వెంటనే బాగానే ఉన్నట్లు కనిపించే చక్రం మూడో వారంలో, మడి నడుమ, బురద కింద వీగిపోతుంది. ఊడిన యాంగిల్ ముక్క మడిలోనే ఉండిపోతే నాట్లు వేసే కూలీల కాళ్లకు అదొక కత్తి.

మధ్య ప్లేటులో రంధ్రాల వరుస వెంట్రుకవాసి తప్పినా చక్రం గుండ్రంగా తిరగదు. ఆ ఊపుకు నట్లు వదులవుతాయి. బోల్టులు బిగించి చేతులు దులుపుకోవడం కాదు, గంట పని చేశాక మరోసారి బిగువు చూడాలి. దమ్ము రోజుల్లో ఆ ఆగే ఓపిక ఎవరికీ ఉండదు.

మరో ప్రమాదం షెడ్డులోనే పొంచి ఉంది. సగం చక్రం తగిలించడానికి కొందరు రబ్బరు టైరు రిమ్ముకే నేరుగా చెవులు అతికిస్తారు. టైరు విప్పకుండానే ఆ పని చేయడం ప్రాణాంతకం. రిమ్ము వేడికి లోపలి రబ్బరు కాగి మండే వాయువులు పుడతాయి. మూసిన టైరులో అవి అంటుకుంటే టైరు బాంబులా పేలుతుంది. గాలి తీసేశాం కదా అనుకోవడం పొరపాటు, వేడి చల్లారిన తర్వాత కూడా పేలుడు జరగవచ్చు. టైరు, ట్యూబు పూర్తిగా రిమ్ము నుంచి వేరుచేశాకే నిప్పు తగలాలి. వేడికి ఇనుము వంగి రిమ్ము ఎత్తుపల్లాలు పడే ఇబ్బంది ఎలాగూ ఉండనే ఉంటుంది.

చక్రాన్ని ఇంట్లో అతుక్కునే మోజు మన పల్లెలకే పరిమితం కాదు. అమెరికాలో కొండదారుల్లో, ఇసుక తిన్నెల్లో జీపులు నడిపే సరదారాయుళ్లు టైరులో గాలి బాగా తగ్గించి పట్టు పెంచుకుంటారు. గాలి తగ్గితే టైరు అంచు రిమ్ము నుంచి జారిపోతుంది కాబట్టి, ఆ అంచును ఒక ఇనుప ఉంగరంతో నొక్కి వరుసగా బోల్టులు బిగిస్తారు. బీడ్‌లాక్ అనే ఈ ఉంగరాలను మామూలు రిమ్ములకు సొంతంగా వెల్డింగ్ చేసుకునేవారు అక్కడ ఎందరో. మన ట్రాక్టర్‌కూ బురదలో గాలి తగ్గించడం అలవాటే. మోతాదు మించి తగ్గితే టైరు రిమ్ముపై జారి ట్యూబు మూతిని తెంచేస్తుంది. తేడా ఒక్కటే. అక్కడ అది సరదా, అతుకు వీగితే పాడయ్యేది సెలవు రోజు. ఇక్కడ అది సీజన్ బతుకు.

కిలోమీటరుకు నాలుగు వేల దెబ్బలు

రోడ్డుకు జరిగే నష్టం ఎంతో అంచనా వేయడానికి పెద్ద చదువు అక్కరలేదు. నలభై, యాభై అశ్వశక్తి ట్రాక్టర్ బరువు దాదాపు రెండు టన్నులు. అందులో అధిక భాగం వెనుక ఇరుసుపైనే. వెనుక ఒక్కో చక్రం సుమారు 600 కిలోలు మోస్తుందనుకుందాం. రబ్బరు టైరు నేలను వెడల్పుగా పరుచుకుని తాకుతుంది. అందువల్ల చదరపు సెంటీమీటరుపై పడే ఒత్తిడి కిలోకు అటూఇటూ. అదే బరువు ఆరు మిల్లీమీటర్ల అంచున్న, 45 సెంటీమీటర్ల పొడవున్న నిలువు యాంగిల్‌పై పడితే తాకే వైశాల్యం 27 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి 22 కిలోలు! రోడ్డు మధ్య ఉబ్బెత్తుగా, అంచులు వాలుగా ఉంటుంది కాబట్టి పన్ను పొడవునా తాకదు, ఒక కొనే దిగుతుంది. అప్పుడు ఈ అంకె మరెన్నో రెట్లు. నిండు లోడు లారీ టైరు సైతం రోడ్డుపై ఇంత ఒత్తిడి చూపదు.

పైగా ఇది దొర్లే భారం కాదు, కొట్టే భారం. నాలుగడుగుల అడ్డకొలత, 16 పళ్లున్న చక్రం కిలోమీటరు దూరంలో దాదాపు 260 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో చక్రం నాలుగు వేలకు పైగా దెబ్బలు వేస్తుంది. రెండు చక్రాలకు ఎనిమిది వేలు. రోటావేటర్ ఎత్తి పెట్టుకుని పోతుంటే దాని బరువూ వెనుక ఇరుసుపైనే.

ఈ దెబ్బలు తగులుతున్నది జాతీయ రహదారికి కాదు. 2000 డిసెంబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వంటి పథకాల కింద వేసిన పల్లె రోడ్లలో కంకర పొరలపై పరిచే తారు పొర మందం చాలాచోట్ల 20 మిల్లీమీటర్లే. రెండు మూడు పంటికాట్లకు ఆ పొర చీలుతుంది. రోడ్లకు వాడే తారు 50 డిగ్రీల లోపు వేడికే మెత్తబడటం మొదలవుతుంది. జూన్ ఎండకు నల్లటి రోడ్డు అంతకుమించి కాగుతుంది. సార్వా దమ్ము ఆ మెత్తని తారుపై మొదలై, జులై వానల్లోకి సాగుతుంది. చీలిక లోంచి వాన నీరు కంకరలోకి దిగుతుంది. ఆ తర్వాత ధాన్యం లారీ పోయినా, బస్సు పోయినా అక్కడ గొయ్యి పడుతుంది. గాటు చేసింది ట్రాక్టర్, గొయ్యి చేసింది నీరు. సిమెంటు రోడ్లపై పళ్లు అంతగా దిగవు గానీ, పలకల కీళ్ల అంచులు చెక్కుకుపోతాయి.

రోడ్డుపై కొట్టిన ప్రతి దెబ్బా చక్రానికీ తిరిగి తగులుతుందనేది ఎవరూ పట్టించుకోని సంగతి. బురదలో నెమ్మదిగా అలసే అతుకు, తారు రోడ్డుపై అతి త్వరగా అలసిపోతుంది. రోడ్డు పాడవుతున్నంతసేపూ చక్రమూ పాడవుతూనే ఉంటుంది.

చట్టాలు గట్టివే.. కానీ!

చట్టాల కొరత ఏమాత్రం లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989 వ్యవసాయ ట్రాక్టర్‌ను రవాణేతర వాహనంగా నిర్వచించాయి. అయినా రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం వర్తిస్తుంది. 1988 నాటి ఆ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 సవరణతో చేరిన 182-ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, రూ.5 వేల జరిమానా గానీ, రెండూ గానీ విధించే వీలు కల్పించింది. 1984 నాటి ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. 2024 జులై ఒకటిన అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 326వ సెక్షన్ కూడా ప్రజా రహదారిని ప్రయాణానికి పనికిరాకుండా, లేదా ప్రమాదకరంగా మార్చే చేష్టకు ఐదేళ్ల వరకు శిక్ష నిర్దేశించింది.

కాగితంపై ఇంత గట్టిగా ఉన్న చట్టం పొలం గట్టు దగ్గరకొచ్చేసరికి ఎందుకు నీరుగారుతోంది? ప్రజా ఆస్తుల కేసు నిలవాలంటే ఏ ట్రాక్టర్ ఏ గాటు చేసిందో చూపాలి. ఒకే రోడ్డుపై ఒకే వారంలో పదుల ట్రాక్టర్లు తిరిగే ఊళ్లో అది అయ్యే పని కాదు. ఫలితంగా దొరికినవాడికి జరిమానా, దొరకనివాడికి దారి. పంచాయతీరాజ్ ఇంజినీర్లు పోలీసులకు రాస్తారు, పోలీసులు రవాణా శాఖ పని అంటారు, రవాణా శాఖ సిబ్బంది రాష్ట్ర రహదారి వదిలి పుంతరోడ్డు వైపు రారు. గ్రామ పంచాయతీలు తీర్మానాలు చేస్తున్నా, తీర్మానం చేసినవారి ట్రాక్టర్లే ముందు రోడ్డెక్కిన సందర్భాలను గ్రామస్తులు కథలుగా చెప్పుకుంటున్నారు.

ఇందులో మరో విడ్డూరముంది. కేంద్ర ప్రభుత్వం 2014-15లో ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం మార్గదర్శకాల్లో రాయితీకి అర్హమైన దుక్కి పరికరాల జాబితాలో కేజ్ వీల్ పేరు కూడా ఉంది. ఒక శాఖ కొనమని ప్రోత్సహించిన వస్తువుకే మరో శాఖ జరిమానా రాస్తోంది. రెండింటి నడుమ రైతుకు చెప్పాల్సిన మాట ఒకటుంది. చక్రం తప్పు కాదు, దానితో రోడ్డెక్కడం తప్పు. పొలం దగ్గరకు దానిని ఎలా చేర్చాలో మాత్రం ఏ శాఖా చెప్పలేదు.

విప్పడానికి తీరికేదీ?

విప్పి తీసుకెళ్లవచ్చు కదా అన్నది అధికారుల సూటి ప్రశ్న. పూర్తి చక్రం విషయంలో ఇది చెప్పినంత తేలిక కాదు. 13.6-28 కొలత వెనుక టైరు, రిమ్ము కలిపి ఒక మనిషి ఎత్తగలిగే బరువు కాదు. పట్టు కోసం టైరులో నీరు నింపి ఉంటే కదిలించడమే గగనం. జాకీ వేయడానికి గట్టి నేల కావాలి. పొలం గట్టు మెత్తన, గట్టి నేల దొరికేది రోడ్డు మీదే! ఇద్దరు మనుషులు రెండు వైపులా చక్రాలు మార్చడానికి గంటకు తక్కువ పట్టదు. ఉదయం ఒక రైతు ఎకరం, మధ్యాహ్నం కాలువ అవతల మరో రైతు ఎకరన్నర దమ్ము చేయాల్సిన డ్రైవర్ రోజుకు నాలుగుసార్లు చక్రాలు విప్పి బిగిస్తే చేయగలిగిన పనిలో సగం పోతుంది. కిరాయి ఎకరానికి లెక్క, విప్పిన గంటకు లెక్క లేదు.

డెల్టా భూముల అమరిక కూడా రైతుకు అనుకూలంగా లేదు. ఒకప్పుడు ఎడ్లబండ్లు నడిచిన పుంతలు, డొంకలు ఆక్రమణలకు గురై కొన్నిచోట్ల కాలిబాటల పాటి వెడల్పు కూడా మిగల్లేదు. మడి నుంచి మడికి పోవాలంటే పక్క రైతు గట్టు తొక్కాలి, లేదా రోడ్డెక్కాలి. గట్టు తెగితే తగవు, రోడ్డెక్కితే జరిమానా. తారు వేసిన రోడ్ల లెక్క చెప్పే శాఖల వద్ద మూసుకుపోయిన పుంతల లెక్క అడిగితే సమాధానం రాదు.

ఇక్కడ కోత యంత్రాల సంగతి గమనార్హం. గొలుసు చక్రాల కోత యంత్రాలు కూడా రోడ్డుకు చేటే. అయినా వాటిని లారీపై ఎక్కించి ఊరి నుంచి ఊరికి తరలిస్తున్నారు. వాటి యజమానికి ఒక ఊళ్లో దిగితే రోజుల తరబడి పని ఉంటుంది, లారీ కిరాయి గిట్టుబాటవుతుంది. సొంత ట్రాక్టర్‌తో చుట్టుపక్కల పదెకరాలు దమ్ము చేసుకునే రైతుకు ఆ వెసులుబాటు లేదు.

ముప్పావు సెకను

రోడ్డు గొయ్యిని తిరిగి పూడ్చవచ్చు. దమ్ము మడిలో వెల్లకిలా పడిన ట్రాక్టర్ కింది మనిషిని తిరిగి తేలేం. జిల్లా పేజీల్లోని ఆ చిన్న వార్తల వెనుక ఉన్న యంత్ర ధర్మం దాదాపు ప్రతిసారీ ఒకటే.

ఇంజిను తన బలాన్ని వెనుక చక్రాలకు పంపుతుంది. చక్రం తిరిగితే బండి ముందుకు పోతుంది. చక్రం లోతు బురదలో బిగుసుకుపోయి తిరగలేకపోతే ఆ బలం ఎక్కడికీ పోదు. వెనుక ఇరుసును ఆధారం చేసుకుని బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. రబ్బరు టైరైతే కొంత జారి ఆ బలాన్ని వదిలేస్తుంది. ఇనుప పళ్లు నేలను కరిచి పట్టుకుంటాయి, జారనివ్వవు. బురదలో వాటి గొప్పతనమే ఆ క్షణంలో ప్రాణం మీదకు తెస్తుంది. ముందు చక్రాలు లేచిన తర్వాత, ఇక వెనక్కు తగ్గించలేని స్థితికి చేరడానికి ముప్పావు సెకను చాలు. ఒకటిన్నర సెకనులో ట్రాక్టర్ వెల్లకిలా పడుతుంది. ప్రమాదం గ్రహించి క్లచ్ తొక్కేలోపే అంతా ముగుస్తుంది. గట్టి నేలపై పడితే గాయాలతో బయటపడేవాడు కూడా బురదలో ముఖం మునిగి ఊపిరాడక మరణిస్తాడు.

దిగబడిన బండిని తీయడానికి పల్లెల్లో పాటించే ఒక పద్ధతి మరీ ప్రమాదకరం. చక్రాల ముందు దుంగ వేయడం, లేదా రెండు చక్రాలకూ అడ్డంగా కర్రమొద్దు కట్టి పై గేరులో ఎక్స్‌లేటర్ తొక్కడం. దుంగ చక్రాన్ని ఆపేస్తుంది, బలం మొత్తం ముందు భాగాన్ని లేపుతుంది. దిగబడితే ముందుకు కాదు, వెనక్కు రావాలి. రాకపోతే రోటావేటర్ దించి, మరో బండితో ముందు కొక్కెం నుంచి లాగించాలి. ఎత్తు గట్టు ఎక్కాల్సి వస్తే గట్టును చెక్కి వాలు చేయాలి, లేదా వెనుక గేరులో ఎక్కాలి. ఇంతకు మించిన మెళకువలు లేవు. ఇవి ఏ దండోరాలోనూ వినిపించవు.

స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు డ్రైవర్ తలపై రక్షణ చట్రం తప్పనిసరి చేసింది. బండి తిరగబడినా మనిషి నలిగిపోకుండా ఆ ఇనుప చట్రం అడ్డుకుంటుంది. అక్కడ తిరగబడి చనిపోయేవారి సంఖ్య ఆ తర్వాత దశాబ్దాల్లో దాదాపు అదృశ్యమైంది. మన మడుల్లో దమ్ము చేస్తున్న ట్రాక్టర్లలో అధిక భాగానికి ఎండకు వేసిన గుడ్డ పందిరి తప్ప మరేమీ ఉండదు. స్టీరింగ్ వద్ద కూర్చుంటున్నవారిలో లైసెన్సు వయసు రాని కుర్రాళ్లున్నారు. మడ్‌గార్డుపై కూర్చుని వెళ్లే పిల్లలు, పెద్దలూ ఉన్నారు. కాలు జారితే ఒక పక్క ఇనుప పళ్లు, వెనుక రోటావేటర్ కత్తులు. చక్రం అతుకు వీగి బండి ఒక్కసారిగా ఒరిగితే ఆ ప్రమాదం మరింత దగ్గరవుతుంది. ఇంత జరుగుతున్నా ప్రమాదం తర్వాత విచారణలో అతుకును చూసినవారు లేరు. నిర్లక్ష్యంగా నడపడమే కారణమని ముగిసిపోతుంది, నడిపినవాడు ఎలాగూ సమాధానం చెప్పలేడు.

చూపు మళ్లాల్సింది షెడ్డు వైపు

జరిమానా రోడ్డు మీద రాస్తే ఒక ట్రాక్టర్ ఆగుతుంది. షెడ్డులో కొలత మార్చితే ఆ షెడ్డు నుంచి వచ్చే చక్రాలన్నీ మారతాయి. సగం చక్రాల్లో ఇందుకు మార్గం ఎప్పటి నుంచో ఉంది. పంజరం అడ్డకొలతను పక్కనున్న రబ్బరు టైరు కంటే కొన్ని అంగుళాలు తక్కువగా ఉంచితే గట్టి నేలపై బరువంతా టైరు మోస్తుంది, పళ్లు గాలిలో తేలుతాయి. బురదలో టైరు దిగబడినప్పుడే పళ్లు పనిలోకి దిగుతాయి. షరతు ఒక్కటే, రోడ్డెక్కేముందు టైరులో గాలి సరిగా ఉండాలి. పట్టు చాలదనే భయంతో రైతు అడ్డకొలత పెంచమంటున్నాడు, షెడ్డువారు అడిగినంత పెంచి ఇస్తున్నారు. ఆ నాలుగు అంగుళాల తేడాయే పల్లె రోడ్డుకు చేటు తెస్తోంది. అందుకని సగం చక్రానికి మినహాయింపు ఇచ్చి, పూర్తి చక్రానికే రోడ్డు నిషేధం కచ్చితంగా అమలుచేస్తే రైతు తనకు తానే మొదటి దాని వైపు మొగ్గుతాడు. ఇప్పుడు దండోరా రెండింటినీ ఒకే గాట కడుతోంది.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ శాఖకు చెందిన దక్షిణ ప్రాంత యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రాయలసీమ నడిబొడ్డున ఉన్న ఆ సంస్థ నైపుణ్యం డెల్టా షెడ్ల దాకా రావడానికి వందల మైళ్ల దూరం అడ్డు కాకూడదు. మండలానికి పది పదిహేను మంది వెల్డర్లను కూర్చోబెట్టి, రెండు పక్కలా అతుకు ఎలా వేయాలి, రాడ్డును తేమ తగలకుండా ఎలా ఉంచాలి, రిమ్ముకు నిప్పు ఎప్పుడు తగలకూడదు, అడ్డకొలత ఎంతకు మించరాదు అనే నాలుగు విషయాలు ఒక పూటలో చెప్పవచ్చు. ఐటీఐలలో వెల్డింగ్ నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఇంతకన్నా దగ్గరి పాఠం దొరకదు.

పట్టు ఎక్కువగా ఉండే లోతు గాళ్ల టైర్లు, నాలుగు చక్రాలకూ బలం అందే ట్రాక్టర్లు కొన్ని నేలల్లో ఇనుప చక్రం అవసరాన్ని తగ్గిస్తున్నాయి. అయితే వాటి ధర చిన్న రైతుకు అందదు. కోనసీమ వంటి లోతట్టు నల్లరేగడి మడుల్లో అవి ఎంతవరకు నెగ్గుతాయన్నదీ ప్రశ్నే. దమ్మే అక్కరలేని పొడి దుక్కిలో విత్తనం వెదజల్లే సాగును తెలంగాణ ప్రభుత్వం 2021 వానాకాలంలో విస్తృతంగా ప్రచారం చేసింది. నీరు, కూలి ఆదా అయినా కలుపు బెడద రైతును వెనక్కు లాగుతోంది. నీరు నిండిన డెల్టాలో పొడి దుక్కికి అదునే దొరకదు. కాబట్టి ఇనుప చక్రం మరికొన్నేళ్లు ఉండి తీరుతుంది.

ఏటా సార్వా, దాళ్వాలకు ముందు జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశమై ఏ కాలువకు ఏ తేదీన నీరు వదలాలో నిర్ణయిస్తుంది. కలెక్టర్, ప్రజాప్రతినిధులు, జలవనరులు, వ్యవసాయ శాఖల అధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే సందర్భమది. ఆ తేదీని బట్టే ఏ ఊళ్లో ఏ వారం ఎన్ని ట్రాక్టర్లు దమ్ముకు దిగుతాయో ముందే తెలిసిపోతుంది. పూడికతీత, తూముల మరమ్మతులు, విత్తనాలు, ఎరువులు అన్నీ అక్కడ చర్చకు వస్తాయి. మూసుకుపోయిన పుంతలను దమ్ముకు ముందే తెరిపించడం గానీ, చక్రాలు మార్చుకునేందుకు కాలువ గట్ల పక్కన గ్రావెల్ వేసిన జాగాలు కేటాయించడం గానీ ఆ సమావేశాల అజెండాలో ఉండటం లేదు.